విషయం: డ్రెస్డెన్ ‘బ్రూకె’ బృందం చిత్రాల సెట్టులోని లోపాలు, సొమ్ము వాపసు గురించి

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

ఆర్యా,

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఏర్పడిన బ్రూకె అనే చిత్రకారుల బృందం కృతులంటూ మీ వెబ్‌సైట్‌లో అమ్ముతున్న చిత్ర ప్రతుల సెట్టును కొన్నాను. మూలచిత్రాలకు ఎలాంటి మార్పులూ చేయలేదన్న మీ హామీని నమ్మే అంత ధర చెల్లించాను. అందిన ప్రతులు ఆ హామీకి పూర్తి విరుద్ధంగా ఉన్నాయి.

అన్నిటికంటే అన్యాయం 1906 నాటి బృంద ప్రకటనకు జరిగింది. 1905 జూన్ 7న కిర్ష్‌నర్, హెకెల్, బ్లైల్, ష్మిట్-రోట్లుఫ్ అనే నలుగురు వాస్తుకళా విద్యార్థులు స్థాపించిన ఈ బృందం తన ఆశయాన్ని ప్రెస్సు అక్షరాలతో కాక, కిర్ష్‌నర్ స్వయంగా చెక్కపై చెక్కిన అక్షరాలతో చాటింది. ఎగుడుదిగుడుగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్లుండే ఆ అక్షరాల అంచులను మీవాళ్లు కంప్యూటర్‌లో నున్నగా దిద్ది, చిక్కటి నలుపును బూడిదరంగుకు దించేయడంతో, ఉలి దెబ్బ కనిపించాల్సిన ఉడ్‌కట్ (చెక్క అచ్చు) కాస్తా పెళ్లి శుభలేఖలా తయారైంది.

అదే 1906లో డ్రెస్డెన్‌లోని లోబ్టౌ ప్రాంతపు దీపాల కర్మాగారంలో జరిగిన బృంద ప్రదర్శనకు బ్లైల్ వేసిన పోస్టర్ సన్నగా, నిలువుగా ఉంటుంది. నగ్నంగా నిలబడ్డ స్త్రీ బొమ్మ ఉందని దాన్ని ఆనాటి పోలీసులు నిషేధించారు. మీరేమో ఫ్రేము కొలతకు సరిపోలేదని అడుగున ఉన్న అక్షరాలను కోసేశారు. ఇక కిర్ష్‌నర్ 1908లో చిత్రించిన డ్రెస్డెన్ వీధిలో కంటికి గుచ్చుకోవాల్సిన గులాబీరంగు నేల ఇటుకరంగుకు తిరిగింది. ఆయనదే ‘పోట్స్‌డామర్ ప్లాట్జ్’ చిత్రాన్ని ఈ సెట్టులో చేర్చడానికైతే కారణమే కనిపించదు. అది బెర్లిన్ కూడలి, చిత్రించింది 1914లో. అప్పటికి బృందం డ్రెస్డెన్ వదిలి మూడేళ్లయింది, రద్దయి ఏడాదయింది.

తెరమీది రంగులకూ అచ్చు రంగులకూ తేడా సహజమని మీ ప్రతినిధి ఫోనులో చెప్పారు. రంగు సంగతి అలా ఉంచినా, కోసేసిన అక్షరాలకూ మారిపోయిన ఊరికీ ఆ సమాధానం వర్తించదు.

కాబట్టి సెట్టును మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, ఈ లేఖ అందిన 15 రోజుల్లో పూర్తి సొమ్ము వాపసు చేయాలని, వెబ్‌సైట్‌లోని వివరణను సరిదిద్దాలని కోరుతున్నాను. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, ప్రతుల ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
కొనుగోలుదారు