అరబిక్ తరగతిలోకి కథ రావాలి

సంపాదకులకు,

అరబిక్‌ను పరాయి భాషగా నేర్పేచోట ఏడాదంతా క్రియారూపాల పట్టికలే వల్లె వేయించడం చూస్తే బాధేస్తుంది. అలాగని మొదట్లోనే ఇస్లాంకు ముందునాటి ముఅల్లఖాత్ కావ్యాలు చేతికిస్తే విద్యార్థి నిఘంటువులో మునిగిపోతాడు. సంప్రదాయ నిఘంటువుల్లో మాటలు ధాతువుల, అంటే మాటకు మూలమైన హల్లుల, వరుసలో ఉంటాయి. ధాతువు పట్టుకోలేనివాడికి మాట దొరకదు.

మొదట జుహా అనే జానపద పాత్ర హాస్యకథలు నయం. 80 మాటలకు మించని కథ, అందులో కొత్తవి ఐదారు చాలు. తొలిరోజు అచ్చుగుర్తులతో (హ్రస్వాచ్చులను చూపే గుర్తులు, మామూలు రాతలో ఇవి ఉండవు) చదివించి, రెండ్రోజులాగి అవి తీసేసి అదే కథ మళ్లీ ఇవ్వాలి. గుర్తులు లేనప్పుడు క-త-బ అనే మూడక్షరాలు 'కతబ' అయితే రాశాడని, 'కుతిబ' అయితే రాయబడిందని, 'కుతుబ్' అయితే పుస్తకాలని అర్థం. ఏదో తేల్చేది కథలోని సందర్భమే, పట్టిక కాదు.

సంస్కృతిని విడిగా, అదీ విద్యార్థి సొంతభాషలో ఉపన్యాసంగా చెప్పడం వృథా. అది మాటలోనే ఉంది. స్నానమో క్షవరమో చేసి వచ్చినవాణ్ణి 'నఈమన్' అని పలకరిస్తారు. దానికి జవాబుగా 'షుక్రన్' (ధన్యవాదాలు) అంటే తప్పేం కాదు గానీ, ఈజిప్టులో వాడుకలో ఉన్న జవాబు 'అల్లా యిన్‌ఇమ్ అలేక్'. ఇలాంటి జంటలు వారానికి నాలుగు, ఇద్దరిద్దరితో పలికించాలి.

కథ గ్రాంథికంలో చదివించినా, అందులోని సంభాషణను ఏదో ఒక్క ప్రాంతపు వాడుకలోకి మార్పించండి. రెండు మాండలికాలు కలిపితే విద్యార్థికి ఏదీ అబ్బదు.

- కొందరు అరబిక్ బోధకులు