జాక్‌మార్ ఆంద్రే వాళ్ల ఇల్లు, నీ మూడో గది

బుజ్జమ్మా,

క్షేమంగా చేరాం. మీ అమ్మకి జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, అర్ధరాత్రి లేచి మినప్పప్పు నానబోస్తోంది. ఫోన్ చేస్తే నువ్వు ఎప్పుడూ మెట్రోలోనే ఉంటావు, అందుకే రాస్తున్నా.

పారిస్‌లో ఆ ఓస్మాన్ రోడ్డులో జాక్‌మార్ ఆంద్రే మ్యూజియం చూసి బయటికి రాగానే "అంతా కిచిడీలా ఉంది నాన్నా" అన్నావు. బతుకంతా ఇళ్లు కట్టించినవాణ్ణి, ఆ మాట నేను ఒప్పుకోను. కింద పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సు, సిగరెట్ల గదిలో ఇంగ్లీషువాళ్ల బొమ్మలు, పైన మొత్తం ఇటలీ, నిజమే, కానీ ఏ గదికి ఆ గది ఒక మాట మీద ఉంది. రష్యా ఆటల బొమ్మలు నేసిన ఆ బోవే ఊరి గోడతెరలున్న గది గుర్తుందా, తెరల కొలత చూసుకుని గోడలు లేపారు, మనం గోడ కట్టేసి దానికి సరిపోయే సోఫా కోసం ఊరంతా తిరుగుతాం.

ఎదువార్ ఆంద్రే బ్యాంకర్ల ఇంటి బిడ్డ, తను ఉండటానికే ఈ ఇల్లు 1869లో మొదలుపెట్టి 1875కి కట్టించాడు. దీన్ని కట్టిన ఆర్కిటెక్టు ఆన్రీ పరాన్ అంతకుముందే పారిస్ ఒపేరా భవనం నమూనాల పోటీలో గార్నియే అనే ఇంకో ఆర్కిటెక్టు చేతిలో ఓడిపోయాడు, ఆ ఉక్రోషమంతా మెట్లలో చూపించాడని నాకనిపించింది. ఎవరైనా మెట్లు ఇంటి నడిమధ్య పెడతారు, ఈయన ఒక చివరకి, మొక్కల మధ్యకి తీసుకెళ్లి రెండు వైపులా మెలితిప్పి పైకి లేపాడు. ఆ మెట్ల పైనున్న, వెనిస్ చిత్రకారుడు తియెపోలో వేసిన బొమ్మ వెనిస్ దగ్గర ఒక విల్లా గోడది, 1893లో కొని తెచ్చారు. సున్నపు గోడ మీది రంగుని ఊడదీసి గుడ్డకెక్కించడం! మనవాళ్లు వాల్‌పేపర్ కూడా బుడగలు లేకుండా అంటించలేరు. ఇక పెద్ద హాలు గోడలు హైడ్రాలిక్ జాకీల మీద నేలలోకి దిగిపోయేవట, విందుకి వెయ్యిమంది పట్టేవారట. నేను ఆ గైడు చెప్పేది వింటూ నిలబడిపోతే నువ్వు టైమైపోతోందని లాక్కెళ్లావు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. నెలీ జాక్‌మార్ చిత్రకారిణి. 1872లో ఆంద్రే బొమ్మ గీసింది, 1881లో అతన్నే పెళ్లాడింది, ఆ తర్వాత కుంచె పక్కన పెట్టేసింది. ఆమె కోసం మేడ మీద అనుకున్న స్టూడియోలో ఆమె ఎప్పుడూ బొమ్మ వేయలేదు, చివరికి దాన్ని ఇటలీ శిల్పాలతో నింపారు. ఇల్లు మాత్రం కళ్లు చెదిరేలా సర్దింది, ఆయన పోయాక కూడా కొంటూనే ఉంది, 1912లో పోతూ అంతా ఇన్‌స్టిట్యూట్ ద ఫ్రాన్స్ అనే పండితుల సంస్థకి రాసిచ్చింది. ఆ గదిలో మీ అమ్మ నా చెయ్యి గిల్లింది, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, విమానంలో చెప్పింది.

మీ కొత్త ఫ్లాట్‌లో మూడో గది స్టోర్ రూమ్ చేస్తామన్నారు అల్లుడుగారు. దాని కిటికీ ఉత్తరానికి ఉంది, రోజంతా నీడ మారని వెలుతురు, నేను చూసొచ్చాను. ఇక్కడ అటక మీద నీ ఈజిల్ దించి తుడిచాను, ఒక కాలు వదులైంది, మేకు కొట్టిస్తా. పంపమంటావా?

నాన్న