సూర్యుడు లేడు కాబట్టి అంటే సరిపోతుందా?

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల నిండా ఉద్యోగం సంగతులు, ఆరోగ్యం సంగతులు రాసి, చివర ఒక మూల, మీ అమ్మాయి "రాత్రి ఎందుకు చీకటిగా ఉంటుంది?" అని అడిగిందనీ, "సూర్యుడు లేడు కాబట్టి" అని చెప్పి ఊరుకోబెట్టాననీ రాశావు. మిగిలిన సంగతులకు తీరిగ్గా మరో ఉత్తరం రాస్తాను. ఈ ఒక్క విషయం మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. నువ్వు చెప్పినది అబద్ధం కాదు గాని, అడిగినవారి నోరు మూయించే జవాబు. అటువంటి జవాబులను చూస్తే నాకు ఈ మధ్య అనుమానం పెరిగింది. ఒక చిన్న లెక్క వేసి చూస్తే వాటిలో చాలావరకు నిలబడవు.

విశ్వానికి హద్దు లేదనీ, అది అనాదిగా ఇలాగే ఉందనీ, నక్షత్రాలు అంతటా దాదాపు సమానంగా పరచుకుని ఉన్నాయనీ కాసేపు అనుకుందాం. భూమి చుట్టూ ఒక దూరంలో ఉన్న నక్షత్రాలను ఒక పొరగా, దానికి రెట్టింపు దూరంలో ఉన్నవాటిని మరొక పొరగా ఊహించుకో. రెండవ పొరలోని ఒక్కొక్క నక్షత్రం నుంచి మనకు అందే వెలుగు నాలుగో వంతే. కాని ఆ పొర వైశాల్యం నాలుగింతలు కనుక అందులోని నక్షత్రాలు కూడా నాలుగింతలు ఉంటాయి. అంటే దగ్గరి పొర ఎంత వెలుగు ఇస్తుందో దూరపు పొరా అంతే ఇస్తుంది. దట్టమైన అడవి నడుమ నిలబడినవాడికి ఎటు చూసినా ఏదో ఒక చెట్టు మాను అడ్డువచ్చినట్టు, మన చూపు ఏ దిక్కుకు పోయినా చివరకు ఒక నక్షత్రానికి తగలవలసిందే. ఆకాశమంతా ఒకే సూర్యబింబంలా మండుతూ ఉండాలి. ఆ వెలుగులో సూర్యుడు ఉదయించినదీ అస్తమించినదీ మనకు తెలియనైనా తెలియకూడదు. కనుక మీ అమ్మాయి ప్రశ్నలో సూర్యుడికి పెద్దగా పాత్ర లేదు.

ఖగోళశాస్త్రవేత్త కెప్లర్ 1610లోనే దీన్ని గమనించి, విశ్వం అనంతం కాదనడానికి రాత్రి చీకటినే సాక్ష్యంగా చూపాడు. 1823లో దీని మీద రాసిన హైన్రిష్ ఓల్బర్స్ పేరే ఈ చిక్కుకు స్థిరపడింది. ఆయన జర్మనీలోని బ్రెమెన్ నగరంలో వైద్యుడు. పగలు రోగులను చూసి, రాత్రి ఆకాశాన్ని చూస్తూ పల్లాస్, వెస్టా అనే రెండు గ్రహశకలాలను కనిపెట్టిన మనిషి. నక్షత్రాల మధ్యనున్న పలుచని పదార్థం దూరపు వెలుగును మింగివేస్తున్నదని ఆయన సమాధానం చెప్పుకున్నాడు. చూడడానికి బాగానే ఉంది గాని, వెలుగును మింగిన పదార్థం వేడెక్కక తప్పదు, అనంతకాలం వేడెక్కిన తరువాత అది కూడా నక్షత్రమంత తేజస్సుతో వెలగక తప్పదు. సరైన దారిని మొదట చూపినవారిలో ఒకడు శాస్త్రవేత్త కాదు, కథకుడూ కవీ అయిన ఎడ్గర్ ఆలన్ పో. అతి దూరపు నక్షత్రాల వెలుగు ఇంకా మనదాకా వచ్చి చేరలేదేమోనని అతడు 1848లో రాశాడు. 1901లో భౌతికశాస్త్రవేత్త కెల్విన్ ప్రభువు లెక్కలు వేసి ఆ దారే సరైనదని చూపించాడు. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. ఆ కాలంలో బయలుదేరి చేరగలిగిన వెలుగు మాత్రమే మనకు కనిపిస్తుంది, అది ఆకాశాన్ని నింపడానికి ఏ మూలకూ చాలదు. రాత్రి చీకటిగా ఉన్నదంటే విశ్వానికి ఒక ప్రారంభం ఉన్నదని అర్థం. ఏ పరికరమూ లేకుండా, ఉత్త కళ్ళతో చేయగల విశ్వశాస్త్ర పరిశీలన ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

ఇక్కడితో ఆగినా తప్పు లేదు గాని, దీనికి ఇంకొక మడత ఉంది. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరాలకు, దాదాపు 3000 డిగ్రీల వేడి వాయువు నుంచి విడుదలైన వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ మన మీద పడుతూనే ఉంది. ఈలోగా విశ్వం సుమారు 1100 రెట్లు విస్తరించడంతో దాని తరంగాలు సాగి, కంటికి కనిపించని మైక్రోతరంగాలైపోయాయి. ఇంతకంటే చల్లబడడం సాధ్యం కాని పరమ శూన్య ఉష్ణోగ్రతకు 2.7 డిగ్రీల పైన ఉన్న చల్లని వెలుగు అది. 1964, 65 ప్రాంతాల్లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు అటువంటి తరంగాలను పట్టే ఒక పెద్ద కొమ్ము ఆకారపు ఆంటెన్నాలో ఎటు తిప్పినా పోని గురగుర శబ్దం విని, అందులో గూడు కట్టిన పావురాలను వెళ్ళగొట్టి, వాటి రెట్టలను కూడా కడిగించారు. అయినా శబ్దం పోలేదు. పావురాల మీద మోపిన ఆ నేరం విశ్వపు తొలి వెలుగుదని తేలింది. 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఆకాశం నిజానికి నలుమూలలా వెలుగుతూనే ఉంది, ఆ వెలుగును చూసే కళ్ళు మనకు లేవు, అంతే.

పగటి ఆకాశం నీలంగా ఎందుకుంటుందని అడిగితే, నీలం వంటి పొట్టి తరంగాలు గాలిలో ఎక్కువగా చెదురుతాయి కనుక అని బడి పిల్లలు కూడా చెప్పేస్తారు. 1871లో భౌతికశాస్త్రవేత్త రేలీ చూపిన నియమం ప్రకారం ఎర్రని వెలుగు కంటే ఊదా వెలుగు దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ చెదరాలి. మరి ఆకాశం ఊదాగా ఉండాలి కదా? ఉండదు, ఎందుకంటే సూర్యకాంతిలో ఊదా పాలు కొంచెం తక్కువ, పైగా మన కంటికి ఊదాను పట్టుకునే శక్తి నీలాన్ని పట్టుకునేంత లేదు. సగం జవాబు గాలిలో, మిగిలిన సగం కంటిలో ఉంది. అంగారక గ్రహం మీద సన్నని ధూళి వెలుగును వేరే తీరులో చెదరగొట్టడం వల్ల పగటి ఆకాశం ఎర్రమట్టి రంగులోనూ, సూర్యాస్తమయం మాత్రం నీలంగానూ ఉంటుంది. అక్కడ దిగిన రోవర్లు పంపిన ఫోటోలలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

మంచుగడ్డ మీద కాలు ఎందుకు జారుతుంది అన్నదానికి మనం చదువుకున్న జవాబు నీకు గుర్తుండే ఉంటుంది: అడుగున ఒత్తిడి పడి మంచు కరిగి నీటి పొర ఏర్పడుతుందని. ఆ మాట ఎన్నో పాఠ్యపుస్తకాలలో ఉంది గాని, లెక్క వేస్తే కూలిపోతుంది. మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే వాతావరణ పీడనానికి సుమారు 130 రెట్ల ఒత్తిడి కావాలి. ఇనుప అంచు చెప్పులు వేసుకుని జారేవాడి బరువుకు ఒక డిగ్రీ తగ్గడమే కష్టం. మామూలు చెప్పులతో నిలబడినవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా జనం జారుతూనే ఉన్నారు, పడుతూనే ఉన్నారు. పోనీ, రాపిడి వేడికి కరుగుతుందని అందామా అంటే, కదలకుండా నిలుచున్నవాడికి కూడా కాలు జారుతుంది. 1850లో ఫారడే అనే శాస్త్రవేత్త రెండు మంచుగడ్డలను ఒకదానికొకటి తాకిస్తే అవి అతుక్కుపోవడం చూసి, మంచు ఉపరితలం మీద ఎప్పుడూ ఒక పలుచని ద్రవపు పొర ఉంటుందేమోనన్నాడు. ఆయన ఊహ దాదాపు సరైనదే. లోపలి అణువును అన్ని వైపుల నుంచీ పొరుగు అణువులు పట్టి ఉంచుతాయి. పై వరుసలోని అణువుకు పైన ఎవరూ లేరు కనుక పట్టు సడలి, అది ఊగుతూ దొర్లుతూ ఉంటుంది. ఈ వదులు పొరకు ఎంత పాలు, రాపిడికి ఎంత పాలు అన్న వాదన మాత్రం భౌతికశాస్త్రవేత్తల మధ్య ఈ నాటికీ నడుస్తూనే ఉంది. ఒత్తిడి జవాబు అంత చక్కగా వినిపించకపోయి ఉంటే ఈ వాదన ఎప్పుడో ముందుకు సాగేదని నా అభిప్రాయం.

ఇప్పుడు నువ్వు నమ్మని సంగతి ఒకటి చెబుతాను. బరువుకు బరువు లెక్కన, కుర్చీలో కునుకు తీస్తున్న నువ్వు సూర్యుడి కంటే ఎక్కువ వేడిని పుట్టిస్తున్నావు. కాగితం తీసుకుని చూసుకో. సూర్యుడి మొత్తం శక్తిని అతని ద్రవ్యరాశితో భాగిస్తే కిలోకు ఒక వాటులో ఐదువేల వంతు దాకా వస్తుంది. ఊరకే కూర్చున్న 70 కిలోల మనిషి సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తాడు, అంటే కిలోకు దాదాపు వాటున్నర. తేడా ఏడు వేల రెట్లు! సూర్యుడు ప్రచండుడైనది మంట తీవ్రత వల్ల కాదు, కేవలం పరిమాణం వల్ల. గర్భంలో కోటిన్నర డిగ్రీల వేడి ఉన్నా, రెండు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, కలిసి ఒకటై శక్తినిచ్చే అవకాశం ఎంత తక్కువంటే, ఒక సగటు ప్రోటాను తన వంతు కోసం కొన్ని వందల కోట్ల సంవత్సరాలు వేచి ఉండవలసి వస్తుంది. ఆ నిదానమే లేకపోతే సూర్యుడు ఎప్పుడో ఆరిపోయేవాడు, మనమూ ఉండేవాళ్ళం కాము. అసలు సూర్యుడిలో ఎక్కువ భాగం హైడ్రోజనేనని 1925లో సిసీలియా పేన్ అనే ఖగోళశాస్త్రవేత్త తన పరిశోధనలో తేల్చినప్పుడు, హెన్రీ నోరిస్ రసెల్ అనే పేరుమోసిన ఖగోళశాస్త్రవేత్త అది అసాధ్యమన్నాడు. ఆమె తన సిద్ధాంత గ్రంథంలో ఆ ఫలితం దాదాపు ఖచ్చితంగా నిజం కాదని తానే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత రసెల్ వేరే దారిలో అదే చోటికి చేరి, ఆమె చెప్పినదే సరైనదని ఒప్పుకున్నాడు.

నక్షత్రాల లోపలి సంగతులు ఇంత తెలిసిన మనకు, ఒక చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలియడం మరింత కష్టమైంది. పాములా ఉండే ఐరోపా ఈల్ చేప సంగతి ఇది. ఈ చేపల్లో గుడ్లు గాని, ఆడ మగ తేడా గాని కనిపించకపోవడంతో, అవి బురదలోంచి పుడతాయని అరిస్టాటిల్ నమ్మాడు. 1876లో, తరువాత మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, అప్పటికింకా ఇరవై ఏళ్ళ విద్యార్థి, అడ్రియాటిక్ సముద్రతీరపు ట్రీయెస్టె రేవులో సుమారు 400 ఈల్ చేపలను కోసి మగ అవయవాల కోసం వెతికాడు; తేల్చి చెప్పగలిగినది ఏమీ దొరకలేదు. దొరకకపోవడంలో వింత లేదు. నదుల్లో ఏళ్ళ తరబడి పెరిగిన ఈల్, సముద్రం వైపు బయలుదేరిన తరువాత గాని ఆ అవయవాలను పూర్తిగా పెంచుకోదు. ఆ ప్రయాణంలో తిండి మానేస్తుంది, జీర్ణకోశం కుంచించుకుపోతుంది, కళ్ళు పెద్దవవుతాయి. డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ష్మిట్ 1904 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అట్లాంటిక్‌లో వలలు వేసి, అంతకంతకూ చిన్న పిల్లలు దొరికే వైపుగా వెళుతూ, అవి పుట్టేది అట్లాంటిక్‌లోనే ఒక భాగమైన సర్గాసో సముద్రంలోనని నిర్ధారించాడు. ఉపగ్రహాలకు సంకేతాలు పంపే పరికరాలు తగిలించిన పెద్ద ఈల్ చేపలు అక్కడికి నిజంగానే చేరాయని 2022లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. అయినా అవి అక్కడ జతకూడడాన్ని గాని, పెట్టిన గుడ్డును గాని ఇంతవరకు ఎవరూ చూడలేదు. జపాను ఈల్ విషయంలో మాత్రం పరిశోధకులు 2009లో మరియానా ద్వీపాలకు పడమరగా, నడి సముద్రంలో, అమావాస్యకు కొద్ది రోజుల ముందు గుడ్లను పట్టుకోగలిగారు. ఒక్కొక్కటి మిల్లీమీటరున్నర పైచిలుకు ఉంటుంది.

సూర్యుడి లెక్క మీద నీకు తప్పకుండా అనుమానం వస్తుంది, నీ స్వభావం నాకు తెలుసు. సూర్యుడి శక్తి 3.8ని పదితో 26 సార్లు గుణిస్తే వచ్చేన్ని వాట్లు, ద్రవ్యరాశి 2ను పదితో 30 సార్లు గుణిస్తే వచ్చేన్ని కిలోలు. భాగహారం నువ్వే చేసి, ఎక్కడ పేచీ ఉందో రాయి.

ఇట్లు
నీ మిత్రుడు