కాలేయానికి గడియారం పట్టీ కనిపిస్తుందా? మచ్చల క్రీము కంపెనీకి ఫిర్యాదు

కడప

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: వయసు మచ్చల క్రీము, దానికి జతగా అంటగట్టిన కాలేయ శుద్ధి మాత్రలు; తప్పుడు ప్రకటన, పెట్టె మీద లేని వివరాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

కడపలో ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా ఉద్యోగమంతా మైదానంలోనే గడిచింది. ఆగస్టు 15 కవాతుకు పిల్లలను వరుసల్లో నిలబెట్టడం, కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు గీయించడం, మండల క్రీడల ముందు పొద్దుగూకేదాకా విజిల్ ఊదడం. మీ కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా కడప ఎండల గురించి వినే ఉంటారు. ఇప్పుడు నా చేతుల వెనక, కణతల మీద, బుగ్గల మీద గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి. వాటి కోసమే మీ క్రీముకు ఆర్డరు పెట్టాను.

ఆర్డరు పెట్టిన పూటే మీ ప్రతినిధి ఫోను చేశారు. కాలేయంలో మలినాలు పేరుకుంటే ఈ మచ్చలు వస్తాయని, పైపూత ఒక్కటే చాలదని, మాత్రలు కూడా కొంటేనే 'మచ్చ పోకపోతే డబ్బు వాపసు' హామీ వర్తిస్తుందని చెప్పారు. మాత్రల డబ్బా మీదా అదే మాట అచ్చయి ఉంది. రెండింటికీ కలిపి 2,340 రూపాయలు తీసుకున్నారు.

మీ నిపుణులెవరైనా నా ఎడమ చెయ్యి చూస్తే బాగుండేది. మణికట్టు దగ్గర గడియారం పట్టీ ఉండే చోట చర్మం పట్టీ వెడల్పున శుభ్రంగా ఉంది, ఒక్క మచ్చ లేదు. పట్టీకి అటు అరచేతి వెనక, ఇటు ముంజేతి మీద మాత్రం మచ్చలే. జాకెట్టు చెయ్యి అంచుకు పైన ఏమీ లేవు, కింద ఉన్నాయి. మచ్చలు పుట్టించేది కాలేయమైతే, గడియారం ఎక్కడ కట్టుకున్నానో, జాకెట్టు ఎంతవరకు కుట్టించుకున్నానో దానికెలా తెలిసింది? ఈ ప్రశ్న మీ ప్రతినిధిని అడిగాను. 'పై అధికారితో మాట్లాడిస్తాం మేడం' అన్నారు. ఆ పై అధికారి ఇంతవరకు మాట్లాడలేదు.

చర్మవ్యాధుల డాక్టరు గారు చెప్పినది సూటిగా ఉంది. ఏళ్ల తరబడి ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే, రంగునిచ్చే మెలనిన్ కొన్నిచోట్ల ఎక్కువగా తయారై గుమికూడుతుంది. నలభై, యాభై దాటాక అది మచ్చగా బయటపడుతుంది. కాలేయానికి దీనితో సంబంధం లేదు. పైగా మీరు 'అన్ని మచ్చలకూ ఒకటే క్రీము' అంటున్నారు. ముఖం మీద మచ్చలన్నీ ఒక జాతివి కావు. మంగు వేరు, ఎండ మచ్చ వేరు, వయసుతో లేచే గరుకు బుడిపె వేరు. అన్నిటికంటే ముఖ్యం, ఏ మచ్చ అయినా త్వరగా పెరుగుతున్నా, అంచులు వంకరపోయినా, రంగు మారినా, రక్తం కారినా క్యాన్సరు కాదని తేల్చుకోవాలి. అలాంటి మచ్చ మీద మీ క్రీము రాస్తూ నెలలు గడిపేవారి గతి ఏమిటి? పెట్టె మీద ఆ హెచ్చరిక ఒక్క ముక్క లేదు.

ఇక నా ముఖం సంగతి. మొదట్లో క్రీము అద్భుతంగా పనిచేసింది, ముఖం తెల్లబడింది. ఆ తర్వాత బుగ్గలు ఎర్రబడి, సన్నని రక్తనాళాలు దారాల్లా పైకి కనిపించసాగాయి. రాయడం మానితే మంట, దురద, మొటిమలు. క్రీములో స్టెరాయిడ్ (వాపు, ఎరుపు తగ్గించే ఘాటైన మందు) కలిసి ఉండవచ్చని డాక్టరు గారి అనుమానం. నిజమో కాదో పదార్థాల జాబితా చూసి తెలుసుకుందామంటే 'మూలికల సారం' అన్న రెండు మాటలే ఉన్నాయి. ట్యూబు మడత మీద నొక్కిన బ్యాచ్ నంబరు ఒకటి, పెట్టె మీద ముద్రించినది మరొకటి. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండి తీరాలి. ఇలాంటి క్రీముల్లో తెల్లదనం కోసం పాదరస సమ్మేళనాలు కలపడం నిషిద్ధం. చాలా స్టెరాయిడ్ పూతమందులను 2018లోనే డాక్టరు చీటీ ఉంటే తప్ప అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు.

క్రీము 'నూరు శాతం ఎండ రక్షణ' ఇస్తుందని కూడా రాశారు. ఎస్‌పీఎఫ్ అంకె, అంటే ఎండను ఎంత ఆపుతుందో చెప్పే కొలత, మాత్రం ఎక్కడా వేయలేదు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ యూవీబీ (చర్మాన్ని కమిలించే అతినీలలోహిత) కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం దాకా. నూరు శాతం ఆపేది లేదు. యూవీఏ అనే మరో రకం అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ వేరే చూసుకోవాలి. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున తీసి రాసుకోవాలని, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలని, గొడుగూ నిండు చేతుల బట్టలూ మానకూడదని డాక్టరు గారు చెప్పారు. ఎండను ఆపకుండా మచ్చకు మందు రాయడం, ఒకవైపు కోర్టుకు సున్నం గీతలు గీస్తూ మరోవైపు నీళ్లు చల్లడం లాంటిది. మీ కరపత్రంలో సగం పేజీ కాలేయానికే ఇచ్చారు, గొడుగుకు ఒక్క వాక్యం దొరకలేదు.

చికిత్స లేదని నేననడం లేదు. మచ్చ రంగు తగ్గించే ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ వంటి పూతమందులు డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి వాడాలి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, లేజర్ కూడా ఉన్నాయి. మన చామన ఛాయ చర్మానికి అవి కాస్త ఎక్కువైతే మచ్చ మరింత నల్లబడవచ్చు, తెల్లమచ్చ మిగలవచ్చు. అందుకే ముందు నా బుగ్గలు మామూలయ్యాకే మిగతా మాట అని డాక్టరు గారు అన్నారు. ఆ ఆలస్యానికి కారణం మీ ట్యూబు. మీ ప్రకటనలో మాత్రం పద్నాలుగు రోజులకే మచ్చ వేళ్లతో సహా పోతుంది.

2,340 రూపాయలతో పాటు, డాక్టరు ఫీజు, మందుల ఖర్చు చెల్లించండి. ఈ క్రీములో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, పాదరసం ఉన్నాయో లేదో ప్రయోగశాల నివేదికతో సహా లిఖితపూర్వకంగా చెప్పండి. కాలేయం కథను డబ్బా మీద నుంచీ ప్రకటనల నుంచీ తీసేయండి. ఫోన్లో బుజ్జగింపులు వద్దు, జవాబు కాగితం మీద కావాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, మీ నగరం దాకా రానక్కర్లేదు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. ఔషధ నియంత్రణ అధికారులకు ఈ లేఖ ప్రతిని ఇప్పటికే పంపాను.

రసీదు, పెట్టె రెండు వైపుల ఫొటోలు, డాక్టరు చీటీ నకలు జతచేశాను. వస్తువు తిరిగి పంపితేనే వాపసు గురించి ఆలోచిస్తామని మీ ప్రతినిధి అన్నారు. మాత్రల డబ్బా కావాలంటే పంపిస్తాను. సగం మిగిలిన ట్యూబు మాత్రం ఇవ్వను. పరీక్షకు పంపాల్సి వస్తే నాకున్న నమూనా అదొక్కటే.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయురాలు,
కడప