పాత బళ్లకు ఇథనాల్ సామాను ఏ షాపులో దొరుకుతుంది?

సంపాదకులకు,

నేను నరసరావుపేటలో టూవీలర్ మెకానిక్‌ని. ఈ మధ్య షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు కొత్త మాట అడుగుతున్నారు: ‘అన్నా, నా బండిని ఇథనాల్‌కి మార్చిస్తావా?’ ఫోన్‌లో ఏదో వీడియో చూసి వస్తారు. ఇంజిన్‌కి గాలి, పెట్రోలు కలిపి పంపే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రం ఉంటుంది, దాన్నే మెయిన్ జెట్ అంటారు; అది పెద్దది వేస్తే పూర్తి ఇథనాల్ మీద నడిచిపోతుందని అందులో చెప్పాడట. సరే మారుస్తా, ఇథనాల్ ఏ బంకులో కొట్టిస్తావురా అంటే నవ్వుతారు. వాళ్లు అడగాల్సింది వేరే ఉంది. బండి మారకముందే బంకులో పెట్రోలు మారిపోయింది. ఇప్పుడు ట్యాంకులో పడేదాంట్లో ఐదో వంతు ఇథనాలే, అంటే చెరకు, మొక్కజొన్న లాంటివాటి నుంచి తీసే ఆల్కహాలే.

2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లు ఈ ‘ఈ-20’ పెట్రోలుకి తట్టుకునే సామానుతో వస్తున్నాయి. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా 2020లో బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధనలు రాకముందు కొన్న కార్బొరేటర్ బళ్లు. పాల క్యాన్లు కట్టుకునేవాళ్లవి, పొలాలకు తిరిగేవాళ్లవి. కొత్త బండి కొనే స్థోమత ఉంటే వాళ్లు నా దాకా రారు.

పోయిన వానాకాలం ఒక పాత స్కూటర్ వచ్చింది. చాలా రోజులు వాకిట్లోనే నిలబెట్టేశారు. కార్బొరేటర్ విప్పి పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె తీస్తే అడుగున నీటి బొట్టు పాదరసంలా దొర్లుతోంది. గిన్నె లోపలంతా తెల్లటి పొడి. గిన్నె నిండగానే పెట్రోలు ఆపే నీడిల్ కొసన ఉండే రబ్బరు ఉబ్బిపోయి సీటులో కూర్చోవడం లేదు, అందుకే పెట్రోలు ఆగకుండా ఓవర్‌ఫ్లో పైపులోంచి కారిపోతోంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు వేళ్లతో వంచితే సన్నగా పగుళ్లు. ఇథనాల్ గాలిలోని తేమని లాగేసుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. రోజూ తిరిగే బండికి ఈ బాధ తక్కువే, నిలబెట్టిన బండికే దెబ్బ.

రబ్బరు మార్చినంత మాత్రాన పని అయిపోదు. కిలో పెట్రోలు కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. జెట్ పాతదే ఉంటే గాలి ఎక్కువై మిక్చర్ పలచబడుతుంది. పెట్రోలుని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ బండిలో సెన్సర్ చూసుకుని సర్దుతుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక క్షణం తటపటాయింపు, ప్లగ్ తీసి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. స్క్రూ కొంచెం సర్ది, కావాలంటే జెట్ ఒక సైజు పెంచి పంపిస్తున్నాం. పూర్తి ఇథనాల్ సంగతి ఇంతకంటే చాలా పెద్దది. లీటరుకి వచ్చే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 1979 నుంచి ఇథనాల్ కార్లు నడుపుతున్న బ్రెజిల్‌లోనే చలికి స్టార్ట్ కావని ఆ కార్లకు చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా పెట్టేవాళ్లు. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉన్న బండికి అనుమతి లేకుండా అంత మార్పు చేస్తే రేపు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. ఆ పని నేను చెయ్యను.

నా కంప్లయింటు వేరే. పాత బళ్లలో కొన్నింటికి 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, ఖర్చు తక్కువేనని, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ చెప్పింది. సంతోషం. ఏ బండికి ఏ భాగాలు? ఎక్కడ దొరుకుతాయి? స్పేర్ పార్టుల షాపులో ఇథనాల్‌కి తట్టుకునే పైపు ఇవ్వమంటే ఎప్పుడూ ఇచ్చే నల్ల పైపే కోసి చేతిలో పెట్టి ‘అన్నీ ఒకటే మేస్త్రీ’ అన్నాడు. కార్బొరేటర్ కిట్ కవరు తిప్పి చూసినా ఇథనాల్ అన్న ముక్క లేదు. నెల తిరక్కుండా మళ్లీ కారితే కస్టమర్ తిట్టేది నన్నే.

మైలేజీ సంగతి కూడా ఉంది. పాత టూవీలర్లకు 3, 4 శాతం, కార్లకు 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. అందుకు తగ్గట్టు ఈ పెట్రోలు ధర తక్కువ ఉండాలని కూడా రాసింది. ఇప్పుడు అడిగితే ఇథనాల్ కొనే రేటే పెరిగిపోయిందని పెట్రోలియం శాఖ అంటోంది. ఆ లెక్క మా షెడ్డులో తేలేది కాదు. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మాలంటూ వేసిన పిటిషన్‌ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోలేదు. నేను ఇథనాల్‌కి వ్యతిరేకినీ కాను, మా బావమరిది వేసేది మొక్కజొన్నే.

బళ్ల కంపెనీలను నేను అడిగేది ఇదీ. 2023కి ముందు అమ్మిన ప్రతి మోడల్‌కీ మార్చాల్సిన భాగాల నంబర్లు, జెట్ సైజు తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి డీలర్ల దగ్గరే కాదు, మాలాంటి షెడ్లకూ ఇవ్వాలి. కిట్ కవరు మీద ఈ-20 గుర్తు ఉండాలి. గ్యాస్ కిట్లకు అనుమతి ఇచ్చి పంపే ఏర్పాటు ఎటూ ఉంది కదా, దీనికీ అలాంటిది పెట్టొచ్చు. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఫ్లోట్ నీడిల్, ట్యాంకు పైపు, ట్యాప్ వాషరు, ఈ మూడూ గుర్తు వేసి వానలు పడేలోపు షాపులకు పంపించండి.

– ఒక టూవీలర్ మెకానిక్, నరసరావుపేట, పల్నాడు జిల్లా