రంగు వజ్రం కొనేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం సంచికలో రంగు వజ్రాల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. గులాబీ, నీలం, పసుపు వజ్రాలు ఎంత అరుదైనవో అందులో చక్కగా వివరించారు. అయితే కొనబోయేవారికి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన విషయం, అంటే ఆ రంగు భూమిలోనే పుట్టిందా, తర్వాత ఎవరైనా తెప్పించిందా అన్నది, వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ఇరవై ఏళ్లకు పైగా నగలు చేస్తూ, మరమ్మతులు చేస్తూ బతుకుతున్నవాడిని కాబట్టి ఆ లోటు గురించి రాయకుండా ఉండలేకపోయాను.

మామూలు తెల్ల వజ్రానికి రంగు ఎంత తక్కువైతే అంత విలువ. రంగు వజ్రం సంగతి అందుకు తలకిందులు. లోపల చిన్న మచ్చలున్నా రంగు నిండుగా ఉంటే దాని విలువ నిలుస్తుంది. ఆ రంగులు రావడానికి ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. కర్బన పరమాణువుల మధ్య చేరిన నత్రజని నీలి కాంతిని పీల్చుకోవడం వల్ల వజ్రం పసుపుగా కనబడుతుంది. బోరాన్ అతి స్వల్పంగా చేరినా నీలం రంగు వస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారెట్ల హోప్ వజ్రం అలాంటిదే. గులాబీ వజ్రాల్లో చాలావాటికి ఏ పరాయి మూలకమూ కారణం కాదు. భూగర్భంలోని ఒత్తిడికి స్ఫటికపు అల్లిక పొరలుపొరలుగా పక్కకు జరిగి మెలిపడినప్పుడు ఆ రంగు పుడుతుంది. అలాంటి రాళ్లకు పేరుపొందిన పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 2020లో మూతపడింది.

ఆకుపచ్చ వజ్రాలతోనే అసలు చిక్కు. నేలలోని రేడియోధార్మిక ఖనిజాల పక్కన యుగాల తరబడి పడి ఉన్న రాయికి ఆ రంగు పడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో భద్రపరిచిన సుమారు 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం అలా రంగు తెచ్చుకున్నదే. ఆ పనినే మనిషి యంత్రంతో కొద్ది కాలంలో చేయగలడు. గత శతాబ్దం తొలినాళ్లలోనే విలియం క్రూక్స్ అనే శాస్త్రవేత్త రేడియం లవణాల్లో వజ్రాలను ఉంచి ఆకుపచ్చగా మార్చాడు. సహజంగా వచ్చిన రంగుకూ, తెప్పించిన రంగుకూ మూలం రేడియేషనే కావడం వల్ల కొన్ని ఆకుపచ్చ రాళ్ల విషయంలో పేరున్న ప్రయోగశాలలు సైతం ‘రంగు మూలం నిర్ధారించలేము’ అని రాసి ఇస్తాయి. పరికరాలన్నీ ఉన్నవారే తేల్చలేని సంగతిని దుకాణంలో కంటితో చూసి ఎవరైనా హామీ ఇస్తే దాన్ని నేను నమ్మను.

కొన్నేళ్ల క్రితం ఒకావిడ తన గులాబీ వజ్రపు ఉంగరాన్ని సైజు పెంచమని నా దగ్గరికి తెచ్చారు. వజ్రం వేడికి తట్టుకుంటుంది గనుక ఇలాంటి పనికి రాయిని ఊడదీయకుండా, పైన బోరిక్ యాసిడ్ పూత వేసి టంకం పెట్టడం మా వాడుక. టంకం పెట్టి, ఆమ్లంలో శుభ్రం చేసి, కడిగి చూసేసరికి రాయి అడుగున ఒక పక్క గులాబీ రంగు పోయి, తెల్లని మరకలు తేలాయి. భూతద్దం కింద చూస్తే మిగిలిన రంగు సానపట్టిన అంచుల వెంట పలచటి పొరలా అతుక్కుని కనబడింది. అది తెల్ల వజ్రానికి వేసిన పూత. అమ్మినవాళ్లు ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు, బిల్లులో ‘పింక్ డైమండ్’ అని మాత్రమే రాశారు. నేను రాయిని మార్చేశాననే అనుమానం ఆవిడ కళ్లలో మెదలడం ఇప్పటికీ నాకు గుర్తే. మాట ముందే చెప్పి ఉంటే ఆవిడా మోసపోయేవారు కాదు, ఆ రాయీ పాడయ్యేది కాదు.

అందుకే జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు రాయిని పరీక్షించి ఇచ్చే నివేదిక చేతికందితే ముందు ‘రంగు మూలం’ అన్న వరుస చదవాలి. అక్కడ ‘సహజం’ అని ఉండాలి. రంగు పేరులో చివరి పదమే అసలు రంగు, ముందున్నది దానిలో కలిసిన ఛాయ; ‘బ్రౌనిష్ పింక్’ అంటే గోధుమ ఛాయ ఉన్న గులాబీ అని అర్థం, అది శుద్ధ గులాబీతో సమానం కాదు. ఫ్యాన్సీ, ఫ్యాన్సీ ఇంటెన్స్, ఫ్యాన్సీ వివిడ్ అన్న మెట్లు రంగు గాఢతను చెబుతాయి. మెట్టు మారితే ధర ఎంతో మారుతుంది కాబట్టి, నివేదిక సంఖ్యా, రాయి నడుము అంచున లేజర్‌తో చెక్కిన సంఖ్యా ఒకటేనా అని సరిచూడటం తప్పనిసరి.

రాయిని పొదగకముందే చూడగలిగితే మరీ మంచిది. పసుపు బంగారపు గిన్నెలో కూర్చోబెడితే లేత పసుపు వజ్రం ఉన్నదానికన్నా గాఢంగా కనిపిస్తుంది, అడుగు మూసిన గూడైతే అందులో ఏముందో బయటికి తెలియదు. దుకాణపు దీపాల కింద కాకుండా, కిటికీ దగ్గర పగటి వెలుగులో, తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడాలి.

ప్రయోగశాలలో పెంచినవీ, రంగు తెప్పించినవీ కొనకూడదని నా ఉద్దేశం కాదు. వాటిని వాటి పేరుతో, వాటి ధరకు అమ్మితే అభ్యంతరమేమీ లేదు. ‘సహజ వర్ణం’, ‘రంగు తెప్పించినది’, ‘ప్రయోగశాలలో పెంచినది’ అన్న మూడింటిలో ఏదో ఒకటి బిల్లు మీద రాసివ్వమని కొనేవారు పట్టుబట్టాలి. ఈ విషయంపై మీ పత్రిక మరో వ్యాసం ప్రచురించి, అందులో నివేదిక నమూనా ఒకటి అచ్చువేసి ‘రంగు మూలం’ వరుస ఎక్కడుంటుందో గీత గీసి చూపించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
నగల పనిలో ఉన్న ఒక పాఠకుడు