ఆ ఇద్దరు సాక్షులు అక్కడ లేరు

సంపాదకులకు నమస్కారం.

గ్రామ రెవెన్యూ ఉద్యోగంలో 27 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. అడంగళ్లు, శిస్తు వసూళ్లు, ధ్రువపత్రాల విచారణలు కాక, బయటివాళ్లకు అంతగా తెలియని పని మాకు ఇంకొకటి ఉండేది. పోలీసులు ఎక్కడైనా సోదా చేస్తే మధ్యవర్తిగా, అంటే సోదాకు సాక్షిగా, వెళ్లి పంచనామా మీద సంతకం పెట్టడం. సారా బట్టీలు, పేకాట శిబిరాలు, దొంగసొత్తు దాచిన పశువుల పాకలు... ఎన్ని కాగితాల మీద నా సంతకం ఉందో నాకే లెక్క లేదు. ఆ సంతకానికి ఎంత విలువ ఉందో మాత్రం నిరుడు కార్తిక మాసంలో నా మేనల్లుడి దుకాణంలో నిలబడి తెలుసుకున్నాను.

వాడిది గోదావరి జిల్లాల్లో ఒక మండల కేంద్రంలో జిరాక్సు దుకాణం. వ్యవహారం కోర్టులో ఉంది కనుక ఊరి పేరు రాయడం లేదు. ఈ రోజుల్లో కాగితం చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. ఆధార్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, ఆసుపత్రి రిపోర్టు, పిల్లల మార్కుల జాబితా, అన్నీ వాట్సాప్‌లో వాడి ఫోనుకు పంపి ప్రింటు తీసి ఉంచమంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల బతుకులు సగం ఆ ఫోనులో ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

ఆ ఉదయం నేను పింఛను కాగితాల నకళ్ల కోసం వెళ్లాను. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఎవరో నకిలీ ఆదాయ ధ్రువపత్రం అక్కడ ప్రింటు తీయించుకున్నాడని అనుమానం. విచారించడం వాళ్ల ధర్మం, అందులో నాకు పేచీ లేదు. ఆ మనిషి పేరు చెప్పి అడిగితే మావాడు వెతికి ఇచ్చేవాడే. అలా అడగలేదు. ‘ఫోను ఇటివ్వు, లాకు తియ్యి’ అన్నారు. వాడు భయపడి తీసి ఇచ్చాడు.

ఎస్సై కౌంటరుకు ఆనుకుని నిలబడి బొటనవేలితో తెరను పైకి తోసుకుంటూ పోయాడు. ఒకరి పాసు పుస్తకం, ఒకరి రక్త పరీక్ష, ఒకావిడ స్కానింగు. తరవాత ఫొటోల్లోకి వెళ్లాడు. నా మేనల్లుడి భార్య లామినేషన్ యంత్రం దగ్గర ఉంది. ఆ ఫోనులో తన పురిటినాటి ఫొటోలు ఉన్నాయని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. ఆమె తల దించుకోవడం మాత్రం చూశాను. యంత్రంలో ఇరుక్కున్న కార్డు మాడు వాసన వస్తున్నా ఆమె చెయ్యి కదపలేదు.

చివరికి ఫోను, కంప్యూటరు రెండూ తీసుకున్నారు. ‘జాబితా రాసి నకలు ఇవ్వండి బాబూ, నేను పాత వీఆర్వోని, మధ్యవర్తిగా సంతకం పెడతాను’ అన్నాను. ‘మీరు బంధువులు, పనికిరారు’ అన్నారు. అది సరైన మాటే. కానీ ఎదురుగా టీ దుకాణం ఉంది, పక్కనే మందుల షాపు ఉంది. ఎవరినీ పిలవలేదు. వీడియో తీసినవాళ్లూ లేరు. కొన్నాళ్ల తరవాత మా వకీలు తెచ్చిన మధ్యవర్తుల నివేదిక (పంచనామా) నకలులో మాత్రం ఇద్దరి సంతకాలు ఉన్నాయి. ‘మా సమక్షంలో సోదా జరిపి’ అని ఉంది. ఆ ఇద్దరూ ఆ ఉదయం దుకాణంలో లేరు. నేను ఉన్నాను.

ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చినవే. స్టేషను రైటరు కబురు చేస్తే వెళ్లి, ముందే సిద్ధం చేసి ఉంచిన కాగితం మీద సంతకం పెట్టి, వాళ్లు ఇచ్చిన టీ తాగి వచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. పోలీసులతో రోజూ పని పడే చిన్న ఉద్యోగి కాదనగలడా అని అప్పట్లో సమాధానం చెప్పుకునేవాణ్ణి. నేను చూడని సోదాలో ఎవరి ఇంటి ఆడవాళ్లు ఎలా నిలబడి ఉన్నారో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు.

చట్టంలో లోటు ఉందా అంటే, చాలావరకు లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తీసి చూడండి. స్థానికులైన, నిష్పాక్షికులైన ఇద్దరు గౌరవనీయుల ఎదుట సోదా జరగాలని, ఇంటివాళ్లను అక్కడ ఉండనివ్వాలని, జాబితా నకలు వాళ్ల చేతికి ఇవ్వాలని 103వ సెక్షన్ చెబుతోంది. వారెంటు లేకుండా సోదాకు వెళ్లే అధికారి ఎందుకు వెళుతున్నాడో ముందే రాసిపెట్టాలని, ఆ రాత 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలని 185వ సెక్షన్ చెబుతోంది. 105వ సెక్షన్ కొత్తది. సోదా మొదలుకొని సాక్షుల సంతకాల వరకు వీడియో తీసి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఇక్కడే ఒక వెలితి ఉంది. ఆ వీడియో నకలు ఇంటి యజమానికి ఇవ్వాలని ఆ సెక్షన్ చెప్పలేదు. నిజంగా వీడియో తీశారో లేదో సామాన్యుడికి తెలిసేదెలా?

మాది రాజమహేంద్రవరం కనుక ఒక మాట గర్వంగా చెబుతాను. ఖరక్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు అర్ధరాత్రి పోలీసులు ఇంటి తలుపు తట్టడం చెల్లదంటూనే, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తీర్పు ఇచ్చింది. కాదు, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని ఆనాడే వేరుగా తీర్పు రాసినవారు ఈ ఊళ్లో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. ఆ మాటే నిజమని దేశం ఒప్పుకోవడానికి 2017 ఆగస్టు 24 దాకా, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది.

మా శాఖకు సంబంధించిన కేసు ఇంకొకటి ఉంది, జిరాక్సు దుకాణానికి అది అచ్చంగా సరిపోతుంది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తయినా బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు చూడవచ్చని, జప్తు చేయవచ్చని రాసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరొకవైపు. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదంది. కాగితం బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన మనిషికి దాని మీద గోప్యత పోదని, గోప్యత చోటును కాదు, మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని చెప్పింది. నా మేనల్లుడికి వాట్సాప్‌లో స్కానింగు రిపోర్టు పంపిన ఆ తల్లికి కూడా ఇదే వర్తించాలి కదా? ఆమె మీద ఏ కేసూ లేదు. ఆమె రిపోర్టు ఎవరు చూశారో ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అని నా స్నేహితులే అంటున్నారు. వాళ్లెవరి ఇంట్లోనూ దొంగసొత్తు లేదు. అయినా రాత్రి తలుపుకు గొళ్లెం వేసుకునే పడుకుంటారు.

పోలీసుల చేతులు కట్టేయమని నేను అడగడం లేదు. పదేళ్ల కిందట మా ఇంట్లో దొంగతనం జరిగితే నిద్రాహారాలు మాని సొత్తు తెచ్చి ఇచ్చింది వాళ్లే. అడిగేది చాలా చిన్నవి. ఫోను తీసుకున్న చోటే, ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోనుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) సహా రసీదు ఇవ్వాలి. అందులోని సమాచారాన్ని కేసుకు కావలసినంత వరకు నకలు తీసి, దాని హ్యాష్ విలువ ఆ రసీదు మీదే రాసి, ఫోను తిరిగి ఇచ్చేయాలి. హ్యాష్ విలువ అంటే ఆ సమాచారం మొత్తానికీ వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టంలో, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో జతచేయాల్సిన ధ్రువపత్రం నమూనాలోనే దానికి గడి పెట్టారు, కనుక కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. లాకు తీయమనే ముందు మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. 2023 నవంబరులో, పాత్రికేయుల ఫోన్లు, లాప్‌టాప్‌ల స్వాధీనం గురించి వచ్చిన పిటిషన్ మీద, ఇలాంటి మార్గదర్శకాలు రూపొందించమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. పాత్రికేయులకు కావలసిన రక్షణ జిరాక్సు దుకాణదారుకు అక్కర్లేదా?

ఫోను నాలుగు నెలలకు వచ్చింది. కంప్యూటరు ఇంకా స్టేషనులోనే ఉంది. గిరాకీ సగానికి పడిపోయింది. ఆడవాళ్లు కాగితాలు పంపడం మానేశారు. సోదా వీడియో నకలు ఇప్పించమని మావాడు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకున్నాడు. వాయిదా వచ్చే నెలలో. నేను వెళుతున్నాను. ఆ ఉదయం ఆ దుకాణంలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో చూసింది చూసినట్టు చెప్పి, ఈసారి నా కళ్లతో చూసినదాని కిందే సంతకం పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రామ రెవెన్యూ అధికారి,
రాజమహేంద్రవరం